పన్నెండు చెక్కల చదువు

చిత్తూరు గిరింపేటలో ఉండే యతిరాజులు అయ్యవారికి సైకిలు తొక్కడం కూడా సరిగా రాదు. ఎదురుగా ఎద్దులబండి వస్తే చాలు, దిగి హ్యాండిలు పట్టుకొని అది దాటిపోయేదాకా పక్కన నిలబడేవాడు. అట్లాంటి మనిషి రెండేళ్లలో పదకొండు మందికి లారీ లైసెన్సులు ఇప్పించాడు. ఎట్లా ఇప్పించాడో వింటే ముందు నవ్వొస్తుంది. ఆయనకూ కొన్నాళ్లు నవ్వే వచ్చింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది.

యతిరాజులుది తిరుపతి. తండ్రి శ్రీమన్నారాయణ గోవిందరాజస్వామి గుడిలో ఆళ్వార్ల అరవ పాశురాలు చదివే గోష్ఠిలో ముందు వరుస మనిషి. కొడుకులిద్దరినీ తెల్లవారుజామునే లేపి, అరుగు మీద కూర్చోబెట్టి సంత చెప్పేవాడు. సంత అంటే తెలిసిందే, గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి. అట్లా అంటూ అంటూ పోతే వేలకొద్దీ పాశురాలు నోటికెక్కుతాయి. అర్థమేమిటని అడిగితే చింతబరికెతో ఒక దెబ్బ ఎక్కువ పడేది. యతిరాజులుకు ఈనాటికీ అరవంలో ఒక్క అక్షరం గుర్తుపట్టడం రాదు. అయినా ఏ అరవ పాశురం ఎత్తుకోమన్నా తడుముకోకుండా ఎత్తుకోగలడు. గోష్ఠిలో చోటు మాత్రం అన్నకు పోయింది. తమ్ముడు ట్రైనింగు చదివి, చిత్తూరులో ఎలిమెంటరీ స్కూలు టీచరై, భార్య పెరుందేవితో అద్దె ఇంట్లో కాపురం పెట్టాడు. తిరుపతిలో తన గొంతు వినేవాళ్లు లేకపోయారన్న కొరత ఆయనకు లోపల ఉండనే ఉంది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు చిత్తూరుకు, బండ్లు నడిపేవాళ్లను పరీక్షించి లైసెన్సులిచ్చే కొత్త బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు కృష్ణమూర్తి. మనిషి నిప్పు, ఎవరి దగ్గరా టీ కూడా తాగడు. రోడ్డు పక్కన రాసిన మాట చదవలేనివాడి చేతికి లారీ ఇవ్వకూడదని ఆయనకొక పట్టుదల. గుర్తుల పటం చూపించి అడగడంతో సరిపెట్టుకోక, పన్నెండు చెక్కలు చేయించి ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం రాయించాడు. పరీక్షకు వచ్చినవాడికి వాటిలో ఏవో మూడు తీసి చూపించేవాడు. చదివితే బండెక్కాలి, లేకపోతే ఇంటికి పోవాలి.

యతిరాజులు అక్షరాలు గుండ్రంగా రాస్తాడని పేరు. అందుకని ఆ చెక్కల మీద రాసే పని ఆయనకే పడింది. రెండు ఆదివారాలు ఆఫీసు వరండాలో బాసింపట్టు వేసుకు కూర్చొని నల్లరంగు మీద తెల్లరంగుతో రాశాడు. 'ముందు ఇరుకు వంతెన కలదు', 'బడి ఉన్నది, నిదానముగా వెళ్ళవలెను', 'ముందు మనుషులు పని చేయుచున్నారు', ఇట్లా పన్నెండు. కృష్ణమూర్తి చూసి ముత్యాల్లా ఉన్నాయన్నాడు.

ఆ ముత్యాలు లారీవాళ్ల గొంతులో పడ్డాయి. పదేళ్లు క్లీనరుగా తిరిగి బండి నేర్చుకున్నవాళ్లు, మొగిలి ఘాటులో కళ్లు మూసుకొని కూడా మలుపులు చెప్పగలిగినవాళ్లు, ఆ చెక్క ముందు నిలబడి నీళ్లు నమిలి తిరిగొచ్చేవాళ్లు. వాళ్లలో వరదయ్య అని ఒకడు, వాడి కూతురు యతిరాజులు దగ్గరే మూడో తరగతి చదువుతోంది. మూడుసార్లు తప్పి, ఒక సాయంత్రం బడి వరండాలో కూలబడి ఏడ్చాడు. నలభై ఏళ్ల మగవాడు ఏడుస్తుంటే యతిరాజులు చూడలేకపోయాడు. నేను నేర్పిస్తాను లెమ్మన్నాడు.

మొదట నిజాయితీగానే మొదలుపెట్టాడు. పది రోజులు అ, ఆ దిద్దించాడు. వరదయ్య చెయ్యి స్టీరింగు మీద ఎంత మెత్తగా తిరిగేదో బలపం మీద అంతగా మొరాయించింది. పదకొండో రోజున యతిరాజులుకు విసుగొచ్చింది. ఆ విసుగులోనే ఒక సంగతి తోచింది. ఆ చెక్కల్లో ఒకదానికి నెర్రె ఉంది. ఒకదానికి మూల లేచిపోయింది. ఒకదానికి రెండు మేకుల బొక్కలున్నాయి, ఇంకొకదాని మీద తన కుంచె నుంచే తెల్లరంగు చుక్క జారింది. పన్నెండింటికీ పన్నెండు గుర్తులు. రాసింది తానే గనక అన్నీ ఆయనకు తెలుసు.

"ఒరే వరదయ్యా, అక్షరాల జోలికి పోవద్దు. చెక్కకు నెర్రె కనబడితే ఏమనాలి? ముందు ఇరుకు వంతెన కలదు. అను, రెండుసార్లు."

వరదయ్య రెండుసార్లు అన్నాడు. వారం తిరిగేసరికి పన్నెండూ నోటికొచ్చాయి. ఆ నెలలోనే లైసెన్సు చేతికొచ్చింది.

ఇంకేముంది, లారీ స్టాండంతా పాకిపోయింది. సాయంత్రమైతే గిరింపేట అరుగు మీద నలుగురైదుగురు ఖాకీ చొక్కాలవాళ్లు కూర్చొని, మూల లేచింది, ముందు మనుషులు పని చేయుచున్నారు అని వల్లించేవాళ్లు. యతిరాజులు ఒకసారి, వాళ్లు రెండుసార్లు. పైసా ముట్టలేదాయన. ఎవరైనా బెల్లం దిమ్మె తెస్తే, పలమనేరు నుంచి వస్తూ గంపలో నాలుగు టమేటాలు తెస్తే తీసుకునేవాడు, అంతే. ఆయనకు కావలసింది వేరే ఉంది. ఆయన సైకిలు నడిపించుకుంటూ లారీ స్టాండు పక్కగా పోతే డ్రైవర్లంతా బీడీలు పారేసి లేచి నిలబడేవాళ్లు. తిరుపతిలో ఆయన కోసం ఎవరూ లేవలేదు.

పెరుందేవికి ఇది నచ్చలేదు. ఒకరోజు బియ్యం చెరుగుతూ అడిగింది.

"ఏమండీ, వాళ్లకు నిజంగా చదవడం వస్తుందా?"

"మా నాయన నాకు నేర్పించింది ఇట్లాగే గదా. నేనేమన్నా చెడిపోయినానా?"

"మీరు పాశురంలో తప్పితే స్వామి ఊరుకుంటాడు. వాళ్లు రోడ్డు మీద తప్పితే ఎవరు ఊరుకుంటారు?"

ఆడవాళ్లకు అన్నీ అనుమానాలేనని యతిరాజులు కండువా దులుపుకొని బయటికి పోయాడు. జవాబు లేనప్పుడు కండువా దులపడం ఆయనకు అలవాటు.

ఆ పదకొండు మందిలో ఒకడు చెంగల్రాయులు. బంగారుపాళ్యం దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుంటాయి, లారీ క్లీనరు, మాట తక్కువ, నల్లగా గట్టిగా ఉండే మనిషి. అతను వట్టి చేతుల్తో రాలేదు, బెల్లమూ తేలేదు. చంకలో కొత్త పలక, జేబులో బలపాల పెట్టె పెట్టుకొని వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"ఆ సెక్కల పాట నాకొద్దు అయ్యోరా. అచ్చరాలు సెప్పండి. ఆర్నెల్లయినా కూసుంటా."

"పై వారమే గదప్పా నీ పరీక్ష."

"వాయిదా ఏపిచ్చుకుంటా. ఎట్లన్నా నేర్సుకోవాలని ఉండాది నాకు. బెంగుళూరు దాకా పోతాండా, రోడ్డు పొడుగునా ఏందేందో రాసుంటాది. యాడ సూసినా రాతలే. కండ్లుండీ గుడ్డోని మాదిరి పోతాండా."

అరుగు మీద ఇంకో ముగ్గురు కూర్చొని ఉన్నారు. వాళ్ల ముందు తన పద్ధతిని ఒకడు వద్దనేసరికి యతిరాజులుకు చురుక్కుమంది. నవ్వుతూనే అన్నాడు.

"నీకు లైసెన్సు కావాల్నా, పండితుడని శాలువా కప్పించుకోవాల్నా? ఆ పలక తీసుకుపోయి నీ బిడ్డకియ్యి. ఎక్కి కూర్చో, ఎనిమిది రోజుల్లో పంపిస్తా."

ముగ్గురూ నవ్వారు. చెంగల్రాయులు కూడా కొంచెం నవ్వి, పలక సంచిలో పెట్టుకొని అరుగెక్కి కూర్చున్నాడు. అన్నట్టే ఎనిమిది రోజుల్లో అన్నీ వల్లించాడు. పరీక్షనాడు కృష్ణమూర్తి మూడు చెక్కలు చూపిస్తే మూడూ టకటకా చదివాడు. ఇంత స్పష్టంగా చదివినవాణ్ణి ఈ ఊళ్లో చూడలేదని ఇన్‌స్పెక్టరే మెచ్చుకున్నాడు. ఆ మాట పల్లెదాకా పోయింది. భార్య పోలేరమ్మ ఇంటింటికీ గుగ్గిళ్లు పంచి, మా యింటాయన సదువుకున్నోడని చెప్పుకుంది. కాదని చెప్పడానికి చెంగల్రాయులుకు నోరు రాలేదు.

పది నెలలు గడిచాయి. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకు పోయిన వేళ, వరదయ్య బడికి పరుగెత్తుకొచ్చాడు. వాడి ముఖం చూడగానే యతిరాజులు లేచి నిలబడ్డాడు.

"సెంగల్రాయుని బండి మొగిలి దగ్గర రోడ్డు పనోళ్ల మీదికి పోయింది అయ్యోరా. ఒకామెకు కాలు పోయింది. పోలీసోళ్లు పట్టుకున్నారు."

"బోర్డు పెట్టలేదా ఆడ?"

"పెట్టినారు. శానా పెద్ద బోర్డు పెట్టినారు."

యతిరాజులు మళ్లీ కూర్చున్నాడు. ఆ బోర్డులో ఏముందని అడగలేదు. బోర్డు ఉండగా ఎట్లా పోయాడనీ అడగలేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు ఆ జిల్లాలో తన ఒక్కడికే బాగా తెలుసు.

తర్వాత నాలుగు రోజులు ఆయన తేలుకుట్టిన దొంగలా తిరిగాడు. అరుగు మీద కూర్చోవడం మానేశాడు. వచ్చిన డ్రైవర్లను తలనొప్పని పంపేశాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదురుపడతాడేమోనని బజారుకు చుట్టుదారిన పోయాడు. కృష్ణమూర్తి పోలీసులకు చెప్పిన మాట మాత్రం ఆయన చెవిన పడింది. నా ముందర మూడు చెక్కలు చదివినాడు, చదువు వచ్చినవాడే, బోర్డు చూసి కూడా లెక్కచేయక పోయినాడు, అట్లాంటివాణ్ణి వదలకూడదు అన్నాడట. అందులో అబద్ధమేమీ లేదు, ఆయన కళ్లతో చూసిందే చెప్పాడు.

ఐదో రోజు పెరుందేవి మజ్జిగ గ్లాసు ముందు పెట్టి, "పోయి చూసి రండి" అంది. ఇంకేమీ అనలేదు. అన్నా బాగుండేది.

సబ్‌జైల్లో ఊచల వెనక చెంగల్రాయులు గొంతుక్కూర్చొని ఉన్నాడు. అయ్యవారిని చూసి లేచి చేతులు కట్టుకున్నాడు. జైల్లో ఉన్నవాడు తనకు చేతులు కట్టుకోవడం యతిరాజులుకు భరించరానిదైంది.

"ఎట్లయింది అప్పా?"

"బోర్డు కనబడింది అయ్యోరా. కనబడలేదని నేను సెప్పను. బండి నిదానం సేసినా. నెర్రె ఉండాదేమోనని సూసినా, లేదు. మూలలు సూసినా, బొక్కలు సూసినా. అంతా నున్నగా కొత్త రంగు. కంట్రాక్టరు పేరేమో రాసుకున్నాడులే అనుకొని ముందుకు పోనిచ్చినా. మలుపు తిరిగితే ఆడోళ్లు తారు డ్రమ్ముల నీడన కూసోని సంగటి తింటాండారు. బ్రేకు తొక్కినా. బెల్లం లోడు, ఊరుకుంటాదా? ఎనక నించి తోసేసింది. డ్రమ్ము దొర్లి సంతోషమ్మ అనే ఆమె కాలి మీద పడింది. నేనే ఎత్తుకోని, కిలీనరు తోలతా ఉంటే అదే బండిలో ఆస్పత్రికి తెచ్చినా. దోవంతా నన్నే పట్టుకోని అరిసింది."

తర్వాత చెంగల్రాయులే గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ బోర్డులో ఏముండాది అయ్యోరా?"

యతిరాజులు అప్పటికి తెలుసుకొనే వచ్చాడు. "ముందు మనుషులు పని చేయుచున్నారు, ఎడమ ప్రక్క మట్టిదారిన వెళ్ళవలెను" అన్నాడు.

"మొదటిది నాకొచ్చే గదా. మూల లేసిన సెక్క."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే యతిరాజులు తట్టుకునేవాడేమో. చిన్నపిల్లవాడు తప్పిన లెక్కను చూసి, ఇది నాకు తెలిసిందే గదా అనుకున్నట్టుగా అన్నాడు.

"కోర్టులో అడుగుతారు గదా. సదివినా, సూసుకోలేదు అని సెప్తా. సదువు రాదంటే, మరి సెక్కలు ఎట్ల సదివినావని మీ కాడికి వస్తారు. మీది గవర్మెంటు ఉద్యోగం. ఆ రెండోది ఇంకోసారి సెప్పండి, నోటికి పట్టుకుంటా. మీరింక ఈడికి రావద్దు, మీ పేరు నా నోట రాదు."

ఆ మాట విన్నాక యతిరాజులుకు మొదట కలిగింది సిగ్గు కాదు, నిమ్మళం. ఐదు రోజులుగా మోస్తున్న బరువు దిగిపోయినట్టయింది. ఆ నిమ్మళాన్ని తనలో తానే చూసుకున్నాక, అప్పుడొచ్చింది సిగ్గు. వద్దప్పా, నిజమే చెబుదామని ఒక్క మాట అనవలసింది. అనలేదు. ఏం చేశాడో చెబితే నమ్మరు. ఊచల దగ్గరికి జరిగి, ఎడమ ప్రక్క మట్టిదారిన వెళ్ళవలెను అన్నాడు. చెంగల్రాయులు రెండుసార్లు అన్నాడు.

మూడు నెలలకు, ఆడిమాసంలో, కేసు విచారణకు వచ్చింది. ఈలోగా వరదయ్య వచ్చి ఒక సంగతి చెప్పిపోయాడు. చదువు రాదని ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఓనరు పెట్టిన ప్లీడరు ఎంత చెప్పినా చెంగల్రాయులు వినలేదట. మొండోడు అయ్యోరా అని వరదయ్య ఆశ్చర్యపోయాడు. యతిరాజులు తల ఊపి ఊరుకున్నాడు.

కోర్టు రోజున బడికి సెలవు పెట్టి వెళ్లి, వెనక బెంచీలో గోడ వారగా కూర్చున్నాడు. ముందు బెంచీ చివర సంతోషమ్మ కూర్చొని ఉంది. పాతికేళ్ల మనిషి. చంకకర్ర పక్కన పెట్టుకుంది, చీర కుచ్చెళ్లు ఒక పక్క ఖాళీగా వేలాడుతున్నాయి. యతిరాజులు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. అవతలి గోడ దగ్గర పోలేరమ్మ నిలబడి ఉంది. ఆ బోర్డును తెచ్చి మేజిస్ట్రేటు బల్లకు ఆనించి పెట్టారు. నున్నటి కొత్త రేకు, చక్కటి అక్షరాలు.

మేజిస్ట్రేటు సాక్షులను విని, చివర చెంగల్రాయులును అడిగాడు.

"ఈ బోర్డు చూసినావా?"

"సూసినా దొరా."

"చదివినావా?"

"సదివినా. బండి ఆపకుండా పోయినా, తప్పు నాదే."

మేజిస్ట్రేటు కొంచెంసేపు అతని వైపే చూశాడు. ఏం అనుమానం వచ్చిందో, "ఏదీ, ఇప్పుడు చదువు" అన్నాడు.

చెంగల్రాయులు బోర్డు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ముందు మనుషులు పని చేయుచున్నారు" అని గడగడా అన్నాడు. తర్వాత ఆగిపోయాడు. అతని కళ్లు బోర్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పోయాయి. ఎడమో కుడో మరిచిపోయాడని యతిరాజులుకు అర్థమైంది. శిష్యుడు పాదం మధ్యలో ఆగితే గురువు నోరు ఊరుకోదు, అది అరుగు మీద చింతబరికె కింద వచ్చిన అలవాటు. వెనక బెంచీలో యతిరాజులు పెదవులు కదిలాయి. ఎడమ ప్రక్క.

చెంగల్రాయులు అటు చూశాడు. "ఎడమ ప్రక్క మట్టిదారిన వెళ్ళవలెను" అని పూర్తి చేశాడు.

మేజిస్ట్రేటు రాసుకున్నాడు. చదువు వచ్చి, హెచ్చరిక చదివి, మనుషులున్నారని తెలిసి కూడా పోనిచ్చినవాడికి దయ చూపడానికి ఏముంటుంది? తీర్పు మూడు గంటలకని చెప్పి లేచి లోపలికి పోయాడు. యతిరాజులు తన పెదవులను చేత్తో మూసుకొని కూర్చున్నాడు. ఉద్యోగం కోసం నిజం దాచడం ఒక ఎత్తు. అతన్ని జైలుకు పంపే మాటను తానే నోటికి అందించడం ఇంకో ఎత్తు.

బయట కోర్టు మెట్ల మీద ఎండ చిటచిటలాడుతోంది. దిగబోతుంటే వెనక నుంచి చంకకర్ర చప్పుడు వినిపించింది.

"సామీ, నిలువు."

సంతోషమ్మ మెట్టు మీద ఒంటికాలితో నిలదొక్కుకొని ఆయన ముఖంలోకి చూసింది.

"నువ్వు నోరు మెదిపినావు. నేను సూసినా. నువ్వు అందిస్తే ఆయప్ప అన్నాడు. ఆయప్పకు సదవను రాదా?"

యతిరాజులు చుట్టూ చూశాడు. కండువా మీదికి చెయ్యి పోయింది గానీ దులపలేకపోయాడు.

"రాదమ్మా" అన్నాడు. "నేర్పమని పలక తెచ్చుకొని వచ్చినాడు. నేను నవ్వి పంపించినాను. లైసెన్సు పరీక్ష గట్టెక్కే ఉపాయం మాత్రం చెప్పినాను."

తిడుతుందనుకున్నాడు. చంకకర్ర ఎత్తి కొట్టినా నిలబడదామనుకున్నాడు. సంతోషమ్మ మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"సదివి కూడా నా మీదికి తోలినాడని మూణ్ణెల్లుగా కడుపులో మండతాండాది సామీ. మనిసిని సూస్తే అట్లాంటోడు కాదు. ఆ పొద్దు బండిలో నా కాలు ఒళ్లో పెట్టుకోని నాకంటే ఎక్కువ ఏడ్సినాడు. మంచోడు ఇంత పని ఎట్ల సేసినాడో అర్థంగాక నాకు నిద్ర లేదు." చంకకర్ర పక్కన పెట్టి అడిగింది. "మరి ఈ మాట నాకెందుకు సెప్తాండావు? లోపల సెప్పల్లేదే?"

"ఉద్యోగం పోతుందని భయపడినానమ్మా."

చెప్పేశాక ఆ మాట ఎంత చిన్నదో ఆయనకే వినిపించింది. సంతోషమ్మ లేని కాలి మీదికి చీర సర్దుకుంది.

"మూడు గంటలకు గదా తీర్పు. నేనేడికీ పోను, ఈన్నే కూసోనుంటా" అంది.

మూడు గంటలకు యతిరాజులు లోపలికి వెళ్లి ఈసారి ముందు బెంచీ దగ్గర నిలబడ్డాడు. మేజిస్ట్రేటు వచ్చి కాగితాలు చేతికి తీసుకోగానే, "అయ్యా, నాదొక మాట" అన్నాడు. బంట్రోతు వచ్చి రెక్క పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఎవరు మీరు?"

"యతిరాజులండి. ఎలిమెంటరీ స్కూలు టీచరును. ముద్దాయికి చదువు రాదండి."

బోనులో చెంగల్రాయులు తల అడ్డంగా ఊపాడు. వద్దు అయ్యోరా అని పెదవులు కదిలించాడు. ఈసారి అందించిన మాటను యతిరాజులు అందుకోలేదు.

"పొద్దున నా ముందే చదివినాడు గదయ్యా."

"చదవలేదండి, వల్లించినాడు. ఆగిపోతే వెనక నుంచి నేనందించినాను. జైలుకు పోయి ఆ మాటలు నేర్పింది నేనే. లైసెన్సు పరీక్షకు చెక్కల గుర్తులు చెప్పి పంపింది నేనే. ఇన్‌స్పెక్టరు గారిని మోసం చేసింది కూడా నేనే, ఇతను కాదు."

"ఇతనికి అక్షరాలు రావని మీకు ఖాయంగా ఎట్లా తెలుసు?"

"నేర్పమని నా దగ్గరికే వచ్చినాడండి. నేర్పకుండా పంపినాను."

కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్లీడరు ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. మేజిస్ట్రేటు నవ్వలేదు, తీర్పు కాగితం పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నాడు. అప్పుడు అవతలి గోడ దగ్గర నుంచి పోలేరమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. మొగుడు ఒక మనిషి కాలు పోగొట్టాడన్నప్పుడు కూడా ఆమె ముఖం అట్లా మారలేదు.

"నీకు సదువు రాదా?" అంది, అతనికి మాత్రమే వినబడేంత మెల్లగా. కానీ అందరికీ వినబడింది.

పొద్దుటి నుంచి బోనులో నిటారుగా నిలబడినవాడు, తప్పు నాదేనని గొంతు వణక్కుండా చెప్పినవాడు, చెంగల్రాయులు, ఆ ఒక్క మాటకు తల వంచుకున్నాడు. బోను కట్టె రెండు చేతులా పట్టుకొని, ఆ చేతుల మీద నుదురు ఆనించుకున్నాడు. గుగ్గిళ్లు పంచిన భార్య దగ్గర అతనికి దాచుకోవడానికి మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా తానే నలుగురిలో విప్పేశాడని యతిరాజులుకు తెలిసింది. నిజం చెబితే బరువు దిగుతుందంటారు. ఆయనకు ఏమీ దిగలేదు.

మేజిస్ట్రేటు మొదటి నుంచి చెప్పమన్నాడు. యతిరాజులు బోను వైపు చూడలేక, మేజిస్ట్రేటు ముఖం వైపే చూస్తూ, అడిగినదానికల్లా జవాబు చెప్పుకుంటూ పోయాడు.